గుండుగొలను మీదుగా నార్వే

మా అత్తయ్య రిటైరయిన వేసవిలో ఒక ఆదివారం, తాడేపల్లిగూడెంలో తన ఇంటి వరండాలో కూర్చుని ముంజెల తొక్క తీస్తూ, "ఒరేయ్ నాన్నా, నార్వేకి ఓడ ఎక్కడ ఎక్కాలి?" అని అడిగింది.

"ఏ నార్వే అత్తయ్యా?" అన్నాను.

"ఎన్ని నార్వేలున్నాయిరా? మెకానికల్ వాళ్ళకి వేరే ఉందా?"

అత్తయ్య అంటే మా నాన్నకి అక్క. పెళ్ళి చేసుకోలేదు. ఎప్పుడో మిషన్ వాళ్ళు కట్టిన ఆడపిల్లల హైస్కూల్లో సోషల్ టీచరుగా చేరి, చివరిదాకా అక్కడే పనిచేసి, అక్కడే దండ వేయించుకుని ఇంటికొచ్చింది. నేను గూడెంలో మెకానికల్ ఇంజినీరింగ్ చదివినన్నాళ్ళూ ఆవిడ ఇంట్లోనే ఉన్నాను. పరీక్షల రోజుల్లో నా ఎదురుగా కూర్చుని తన క్లాసు పేపర్లు దిద్దుకునేది. నేను పుస్తకం మూసేదాకా ఆవిడ పెన్ను మూసేది కాదు. నాకు తోడుగా కూర్చుంటున్నానని మాత్రం ఎప్పుడూ అనలేదు. పేపర్లు ఎక్కువున్నాయి అనేది.

ఇప్పుడు నేను ఏలూరులో ఉంటున్నాను. కొల్లేరు చుట్టుపక్కల ఐసు ఫ్యాక్టరీల్లో, చేపల కోల్డ్ స్టోరేజీల్లో కంప్రెసర్లు, కూలింగ్ కాయిల్స్ చూసే పని నాది. ఏ గది ఎన్ని డిగ్రీల్లో ఉండాలో, అలా ఉండకపోతే తప్పు ఎక్కడుందో వెతకడం. ఏదైనా సరే ముందు ఒక పట్టిక వేసుకోనిదే నాకు పని మొదలవదు. అందుకే అత్తయ్య మాట పూర్తయ్యేలోపే ఫోన్లో ఒక ఖాళీ షీటు తెరిచి, పైన "నార్వే" అని కొట్టాను.

"ఎవరెవరు వెళ్ళేది?" అన్నాను.

"నేను, టీచరుగారు. సామాను మొయ్యడానికి నువ్వు."

టీచరుగారంటే కుట్టు టీచరుగారు. అదే బళ్ళో ఆడపిల్లలకి కుట్లు, అల్లికలు నేర్పేవారు. ఏలూరు వన్‌టౌన్‌లో బట్టల వ్యాపారం చేసుకునే ముస్లిం కుటుంబం వాళ్ళది. ఉద్యోగమున్నన్నాళ్ళూ పొద్దున్నే ఏలూరులో ప్యాసింజరెక్కి గూడెం వచ్చి, సాయంత్రం మళ్ళీ ప్యాసింజర్లో వెళ్ళేవారు. బండి ఆలస్యమైన రోజుల్లో అత్తయ్య ఇంట్లో భోంచేసేవారు. చిన్నప్పుడు నా నిక్కర్లకి అతుకులు వేసింది కూడా ఆవిడే. ఇన్నేళ్ళ స్నేహం తర్వాత కూడా ఇద్దరూ ఒకరినొకరు "టీచర్" అనే పిలుచుకుంటారు. మీరు అనే అనుకుంటారు. పోట్లాడుకున్నప్పుడు కూడా అంతే.

నార్వే సంగతి వాళ్ళ మధ్యకి ఎలా వచ్చిందో అత్తయ్య ఆ రోజే చెప్పింది. బళ్ళో ఐరోపా పటం ఒకటి ఉండేది, గుడ్డ మీద అంటించిన పాతది. పై కర్రకి తగిలించి తగిలించి ఎప్పుడూ పైభాగమే చిరిగేది. ఆ చిరుగుకి వెనకనుంచి గుడ్డ వేసి కుట్టే పని కుట్టు టీచరుగారిది. ఒకసారి అలా కుడుతూ, కళ్ళజోడు పైకి తోసుకుని, "ఈ దేశానికి అంచు ఎవరో కుట్టు విప్పేసినట్టుందేవిటి టీచర్? పోగులు పోగులుగా ఉంది" అన్నారట. అప్పుడు అత్తయ్య ఫియర్డుల గురించి చెప్పింది. కొండల మధ్య నుంచి సముద్రం లోపలికంటా రావడం, ఆ నీళ్ళలోకి పెద్ద ఓడలు కూడా వెళ్ళడం. కుట్టు టీచరుగారు సూది ఆపి అంతా విని, "రిటైరయ్యాక చూసొద్దామా" అన్నారట, భీమవరం వెళ్ళొద్దామా అన్నట్టు.

"ఆవిడ తమాషాకి అన్నారేమో అత్తయ్యా."

"ఏమో. నేను మాత్రం తమాషాకి వినలేదు" అంది అత్తయ్య, ముంజె నా చేతిలో పెడుతూ.

ఆ తర్వాత కొన్ని నెలలు నాకు చాలా సంతోషంగా గడిచాయి. ఓడల అంతస్తుల ప్లాన్లు దింపుకుని చూసేవాణ్ణి. గది ఎక్కడ తీసుకోవాలన్నది మొదటి ప్రశ్న. తక్కెడ కాడకి మధ్యలో ఊపు తక్కువ, చివర్లలో ఎక్కువ, ఓడా అంతే. అందుకని మధ్య భాగంలో, కింది అంతస్తుల్లో, కిటికీ ఉన్న గది అని రాసుకున్నాను. విజయవాడలో ఒక ట్రావెల్ ఏజెంటు మా కోసం రెండు గదులు పట్టి ఉంచాడు, ఒకటి వాళ్ళకి, ఒకటి నాకు. కొత్త సంవత్సరం వచ్చేలోగా ఖాయం చెయ్యాలి, లేకపోతే వదిలేస్తానన్నాడు. ప్రయాణం జూలైలో.

అత్తయ్య ప్రశ్నలకి నా షీటులో వేరే గడులు పెట్టాల్సొచ్చింది. ఓడలో ఆదివారం ప్రార్థన ఉంటుందా. బాత్రూములో చెంబు ఉంటుందా, లేకపోతే మనది పట్టుకెళ్ళనిస్తారా. అన్నం పెడతారా, పెడితే పొడిపొడిగా వండుతారా, మన పద్ధతిలోనా. కుట్టు టీచరుగారికి ఇలాంటి బెంగలు లేవు. ఆవిడ కొడుకుతో కలిసి మక్కా వెళ్ళొచ్చారు కాబట్టి విమానం సంగతులన్నీ తెలుసు. అత్తయ్యకి పాస్‌పోర్టయితే ఉంది, మా చర్చివాళ్ళు యెరూషలేము యాత్ర అనుకున్నప్పుడు తీసుకుంది. ఆ యాత్ర ఆగిపోయింది. పాస్‌పోర్టులో ఒక్క ముద్రా లేదు.

"విమానం లేచేటప్పుడు కడుపులో ఎలా ఉంటుంది టీచర్?" అని ఫోన్లో అడిగేది.

"గూడెం ఫ్లైఓవర్ మీంచి ఆటోవాడు దింపినట్టుంటుంది. ఇది పైకి. అంతే తేడా."

అడ్డం వచ్చింది కుట్టు టీచరుగారి అబ్బాయి. చెడ్డవాడు కాదు, తల్లంటే ప్రాణం. కిందటి శీతాకాలం ఆవిడకి న్యుమోనియా వచ్చి ఆస్పత్రిలో పడుకున్నప్పుడు కొట్టు మూసి పక్కనే ఉన్నాడు. ఆవిడ చూడ్డానికి కూడా సన్నగా, గాలేస్తే వంగేలా ఉంటారు. నేను మాట్లాడ్డానికి వాళ్ళ కొట్టుకి వెళ్తే, కుర్చీ వేసి టీ తెప్పించి, "మీరు చల్లదనం ఇంజినీరు కదండీ. మా అమ్మకి చలి పడుతుందని మీరు మాటివ్వండి, పంపిస్తాను" అన్నాడు.

"అది డాక్టరు చెప్పాలండీ."

"అడిగానండీ. ఊపిరితిత్తులు ఇప్పుడు బాగున్నాయి, చలికి ఎలా ఉంటాయో నాకేం తెలుసు, ఏలూరులో చలెక్కడుంది అన్నాడాయన."

ఈ సంగతి గూడెం వెళ్ళి చెప్పాను. అత్తయ్య కుర్చీ జరుపుకుని నా ఎదురుగా కూర్చుంది. తర్వాత, "టీచరుగారు రాకపోతే నాకు నార్వే అక్కర్లేదురా. ఒక్కదాన్నీ కొండలు చూసి ఎవరితో చెప్పుకోను?" అంది. ఇంకొంచెం ఆగి, "చలి ఏలూరులో లేకపోవడమేమిటి? నువ్వు తయారుచేసేది ఏమిటి? ప్రాక్టికల్ పెట్టు" అంది.

అలా మొదలైంది చలి పరీక్ష ఆలోచన. గుండుగొలను దగ్గర, హైవే పక్కన, నేను చూసే చేపల కోల్డ్ స్టోరేజీ ఒకటుంది. అక్కడి గదుల్లో ఒకదాంట్లో చేపల్ని గడ్డకట్టించకుండా నిల్వ ఉంచుతారు. అది నార్వే జూలై కంటే బాగా చల్లగా ఉంటుంది కాబట్టి, అందులో కాసేపు ఉండగలిగితే అక్కడా ఉండగలరని నా లెక్క. యజమానిని అడిగాను. ఆయన నవ్వి, ఆదివారం లోడింగ్ ఉండదు, తీసుకురమ్మన్నాడు.

పరీక్షకి ముందు ఆదివారం అత్తయ్య ఎవరికీ చెప్పకుండా ఒక పని చేసింది. చర్చిలో ప్రార్థన మనవి ఇచ్చింది. మా చర్చిలో ఒక విషయం ప్రార్థన మనవిగా వెళ్ళిందంటే అది ఇక ఇంట్లో విషయం కాదు. జ్వరమైనా, ఉద్యోగమైనా, పాడైపోయిన మోటారైనా అందరిదీ అయిపోతుంది. పాస్టరుగారు కళ్ళు మూసుకుని, "చలి ప్రదేశానికి ప్రయాణమవుతున్న మన టీచరమ్మగారి స్నేహితురాలి ఊపిరితిత్తులను నీ చేతుల్లో ఉంచుతున్నాము ప్రభువా" అన్నారు. సంఘమంతా ఆమేన్ అంది. ఆరాధన అయ్యాక చెప్పులు వేసుకునే చోట అత్తయ్య చుట్టూ ఆడవాళ్ళు మూగారు. చెవుల్లో దూది పెట్టుకోమన్నారు. ఉలవచారు పొడి చేసి పట్టుకెళ్ళమన్నారు. ఒక పెద్దావిడ, "అక్కడ చలికి చేతి గాజులు వదులైపోతాయంటమ్మా, చూసుకోమనండి" అంది.

పరీక్ష రోజు అత్తయ్య చర్చి నుంచి తెల్ల చీరలోనే వచ్చేసింది. కుట్టు టీచరుగార్ని వాళ్ళబ్బాయి కారులో తీసుకొచ్చాడు. కోల్డ్ స్టోరేజీ సూపర్‌వైజరు ఇద్దరికీ మోకాళ్ళదాకా వచ్చే గమ్ బూట్లు, లోపల పనిచేసేవాళ్ళు వేసుకునే మందపాటి కోట్లు ఇచ్చాడు. కోట్లు చేపల వాసన. అత్తయ్య కుచ్చిళ్ళు బూట్లలోకి దోపుకుని అద్దం కోసం చుట్టూ చూసింది.

"బాగున్నారు టీచర్. వరద పనులు చూడ్డానికొచ్చిన కలెక్టరులా ఉన్నారు" అన్నారు కుట్టు టీచరుగారు. తన శాలువాని ముక్కుకీ నోటికీ అడ్డంగా రెండు చుట్లు చుట్టి, కొనని చెవి దగ్గర దోపుకున్నారు. బళ్ళో సుద్దముక్కల దుమ్ముకి కూడా ఆవిడ అలాగే చేసేవారట.

తలుపు తీశాను. లోపల బొచ్చెలు, శీలావతులు ఐసు ముక్కల మధ్య ప్లాస్టిక్ ట్రేలలో వరసలుగా ఉన్నాయి. పైన ఫ్యాన్లు తిరుగుతున్నాయి. నా కళ్ళన్నీ కుట్టు టీచరుగారి మీదే ఉన్నాయి. బయట గాజు కిటికీలోంచి వాళ్ళబ్బాయి కళ్ళు కూడా. ఆవిడ ఒక చేప దగ్గర ఆగి దాని పొలుసుల్ని గోటితో తాకి చూస్తున్నారు, చీర కొంగు నేత చూసినట్టు.

అత్తయ్యకి మాత్రం ఆ చోటు క్లాస్‌రూమైపోయింది. "చూశారా టీచర్, ఈ గోడకి ఐసు పేరుకుంది కదా, ఇదే కొన్ని వేల ఏళ్ళు పేరుకుంటే దాని బరువుకి అదే కిందికి జారుతుంది, జారేటప్పుడు రాయిని కూడా గీసుకుంటూ పోతుంది" అంటూ చేతులు ఊపుతూ, ఫ్యాన్ల చప్పుడుని మించి గొంతు పెంచి చెబుతూనే ఉంది. పాఠం రాతి దగ్గరికొచ్చేసరికి దగ్గు వచ్చింది. లోయ దగ్గర మళ్ళీ వచ్చింది. సముద్రం దాకా రాలేకపోయింది. ఒక చేత్తో ట్రే అంచు పట్టుకుని వంగిపోయి ఊపిరి కోసం చూస్తోంది. ఎదలోంచి పిల్లికూతలు వినపడుతున్నాయి.

ముందు కదిలింది కుట్టు టీచరుగారే. అత్తయ్య నడుం చుట్టూ చెయ్యి వేసి, నాకంటే ముందు తలుపు దాటించేశారు. కంప్రెసర్ గది పక్కన వెచ్చగా ఉంటుంది, అక్కడ కుర్చీ వేశాం. సూపర్‌వైజరు వేడినీళ్ళు తెచ్చాడు. కుట్టు టీచరుగారు వీపు రాస్తూ, "మాట్లాడకండి. తర్వాత చెబుదురుగాని. కొండ ఎక్కడికీ పోదు" అంటున్నారు. కాసేపటికి ఊపిరి అందింది. అత్తయ్య ముఖం పాలిపోయి ఉంది. ఆవిడని అలా నేనెప్పుడూ చూడలేదు.

కుట్టు టీచరుగారి అబ్బాయి తల్లి చేతులు పట్టుకుని చూశాడు. వెచ్చగానే ఉన్నాయి. దగ్గు లేదు. "అమ్మకేం కాలేదు" అన్నాడు ఆశ్చర్యంగా, తర్వాత అత్తయ్యని చూసి కారు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

గూడెం తీసుకెళ్తుంటే దారిలో, ఉంగుటూరు దాటాక అత్తయ్య నోరు విప్పింది. "ఆ విజయవాడ ఏజెంటుకి ఫోన్ చేసి గదులు వద్దని చెప్పెయ్."

నేను సరేనన్నాను. ఫోన్ చెయ్యలేదు. నా షీటులో ఆ వరసని తీసెయ్యడానికి చెయ్యి రాలేదు. రంగు మాత్రం మార్చాను.

తర్వాతి వారం బలవంతం మీద ఏలూరులో ఛాతీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. గొట్టంలోకి ఊదించి, ఊపిరి బలం చూసి, అత్తయ్యకి చాన్నాళ్ళుగా ఆయాసం ఉందని, సుద్దముక్కల పొడికి వచ్చే దగ్గు అనుకుని పట్టించుకోలేదని ఆయన చెప్పాడు. పీల్చే మందు ఇచ్చాడు. క్రమం తప్పకుండా వాడితే ప్రయాణానికి అభ్యంతరం లేదన్నాడు. "చలిగాలిలో నోరు మూసుకుని ముక్కుతోనే పీల్చాలి. ముక్కుకీ నోటికీ గుడ్డ అడ్డం ఉండాలి. బయటున్నంతసేపూ మాట తగ్గించండమ్మా."

"ఎంత తగ్గించాలండీ?"

"వీలైతే మొత్తం."

అత్తయ్య నా వైపు చూసిన చూపు, చలే నయం అన్నట్టుంది.

మందు పనిచేసింది. మేడ మెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగడం మానేసింది. కానీ ప్రయాణం మాటెత్తితే తల అడ్డంగా ఊపేది. ఓడలో డాక్టరుంటాడు అన్నాను. "ఆయనకి నా పిల్లికూతల గురించి ఇంగ్లీషులో ఏమని చెప్పను?" అంది. నేను చెబుతానన్నాను. అప్పుడు అసలు మాట బయటికొచ్చింది.

"అది కాదురా. నాకు బయట దగ్గొస్తుంది. నేను లోపలికి వెళ్తాను. టీచరుగారు నాతో పాటు లోపలికొచ్చేస్తారు. రావద్దంటే వినరు, నువ్వు చూశావుగా గుండుగొలన్లో. రోజంతా నా వీపు రాస్తూ కూర్చుంటారు. వచ్చిన కొండలన్నీ వెళ్ళిపోతాయి. ఆవిడ చూడాలనుకున్నది నా మూలంగా చూడకుండా తిరిగొస్తారు. అదీ నా భయం."

ఆ భయాన్ని నా షీటులో ఏ గడిలో రాయాలో తెలియలేదు.

చర్చిలో అందరూ అడుగుతూనే ఉన్నారు. "మీ స్నేహితురాలికి చలి పడిందా అమ్మా?" "పడిందండీ. దేవుని కృప." "ఎప్పుడు ప్రయాణం?" అత్తయ్య చెప్పులు వెతుక్కునేది. తన గురించి మనవి ఇవ్వలేదు. అడగమని నేనంటే, "నా దగ్గుకి కూడా సంఘాన్ని నిలబెట్టాలా" అంది.

డిసెంబరు మొదట్లో కుట్టు టీచరుగారు నాకు ఫోన్ చేసి, "బాబూ, నన్ను గూడెం తీసుకెళ్ళు. మీ అత్తయ్య ఫోన్లో మంచిమాటలు చెప్పి పెట్టేస్తున్నారు" అన్నారు. వెళ్ళాం. ఆవిడ చేతిసంచీలోంచి ఒక మఫ్లరు తీశారు. బయట ఉన్ని, లోపల మెత్తటి నూలు గుడ్డ అస్తరు. ముక్కు మీద నిలబడ్డానికి లోపల కుట్టిన చిన్న మడత. చెవుల వెనక బొత్తాలు. పాత సోడాబుడ్డి కళ్ళజోడుతో అంత సన్నటి కుట్టు ఎలా వేశారో తెలియదు.

అత్తయ్య దాన్ని ఒళ్ళో పెట్టుకుని వేళ్ళతో రాస్తూ, "ఎందుకు టీచర్, నేను రావట్లేదు కదా. మీరు, వీడూ వెళ్ళిరండి" అంది.

"వీడితో నేనేం మాట్లాడను? ఓడ ఇంజను ఎన్ని గుర్రాలో చెబుతాడు."

"మీకు చలి పడింది. నాకు పడలేదు. ఏం చేస్తాం."

కుట్టు టీచరుగారు కళ్ళజోడు పైకి తోసుకున్నారు. "నాకెందుకు పడింది? మీ చర్చివాళ్ళంతా నా ఊపిరితిత్తుల కోసం కళ్ళు మూసుకున్నారు. మా అబ్బాయికి ఎవరో కొట్టులో చెప్పారు, వాడొచ్చి నాకు చెప్పాడు. అంతమంది చేస్తే పనిచెయ్యదా మరి? మీ కోసం ఎవరూ చెయ్యలేదు, అందుకని మీకు దగ్గొచ్చింది. మీ వాళ్ళని మీరు అడగరు. సరే, మా వైపు నుంచి నేను చేస్తున్నాను. ఆ రోజు నుంచీ పూటకోసారి చేస్తున్నాను."

అత్తయ్య తల వంచుకుని బొత్తాలు పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఒక బొత్తం అందలేదు. కుట్టు టీచరుగారు వెనక్కి వెళ్ళి పెట్టారు.

మళ్ళీ గుండుగొలను వెళ్దామా అని అడిగాను. ఇద్దరూ ఒకేసారి వద్దన్నారు. "కొల్లేరు వెళ్దాం. తెల్లవారుజామున పడవలో" అన్నారు కుట్టు టీచరుగారు.

"కొల్లేట్లో అంత చలి ఉండదండీ. అది పరీక్ష కిందకి రాదు" అన్నాను, నా వృత్తి మర్యాద కోసం.

"చలికి పరీక్ష అయిపోయింది బాబూ. ఇది మీ అత్తయ్య నోటికి."

క్రిస్మస్‌కి ముందు ఒక శనివారం, ఇంకా పూర్తిగా తెల్లారకముందే లంక గ్రామం దగ్గర పడవ ఎక్కాం. నీళ్ళ మీద పొగమంచు పరుచుకుని, గట్టు అవతలి చేపల చెరువులు కూడా కనిపించడం లేదు. మన లెక్కలో గట్టి చలే. పడవతను తలకి తువ్వాలు చుట్టుకుని గెడ వేస్తున్నాడు. అత్తయ్య మందు పీల్చి, మఫ్లరు బిగించి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. దూరంగా గూడబాతులు నీళ్ళ మీద ముద్దలు ముద్దలుగా ఉన్నాయి. వాటి గురించి ఆవిడకి చాలా తెలుసు, ఎక్కణ్ణించి వస్తాయో, ఎందుకొస్తాయో. వేలు పెట్టి చూపించి, చెయ్యి దించేసింది.

ఆ నిశ్శబ్దం నాకు కొత్త. నాకే కాదు, అందరికీ ఇబ్బందిగానే ఉంది. పడవతను గెడ వేస్తూ, "పొద్దున్నే ఏం పనండీ, ఫొటోలకా?" అన్నాడు.

"కాదండీ. నార్వే వెళ్తున్నాం. దానికి అలవాటు చేసుకుంటున్నాం" అన్నారు కుట్టు టీచరుగారు.

"అదెక్కడుందండీ?"

"దూరమే. అమెరికా పక్కన."

అత్తయ్య ఒక్కసారి తల తిప్పింది. కుట్టు టీచరుగారు అటు చూడకుండా, "అమెరికా పక్కన, కొంచెం కిందకి. శ్రీలంకలాగ ద్వీపం. చుట్టూ ఇలాంటి చెరువులే. చెరువుల్లో ఓడలు తిరుగుతాయి" అన్నారు.

"చేపలుంటాయాండీ?"

"ఉంటాయి. కానీ అన్నీ మంచినీటి చేపలే. సముద్రం చాలా దూరం కదా వాళ్ళకి."

అత్తయ్య పడవ అంచు గట్టిగా పట్టుకుంది. నాకు నవ్వు ఆగడం లేదు, ఇటు భయంగానూ ఉంది. పడవతను మర్యాదగా, "సముద్రం లేకుండా ఓడలెందుకండీ?" అన్నాడు.

"అదే నాకూ అర్థం కాలేదు. మా టీచరుగారు చెప్పింది సరిగ్గా విన్లేదు" అన్నారు ఆవిడ.

"సరిగ్గా విన్లేదు కాదు, అసలు విన్లేదు" అంది అత్తయ్య మఫ్లరు లోపల్నుంచి. గొంతు అస్తరులోంచి మెత్తగా, దగ్గరగా వచ్చింది. "ఐరోపాలో పైన ఉంటుందండీ. ద్వీపం కాదు. మూడు వైపులా సముద్రమే. సముద్రమే లోపలికొస్తుంది, ఊళ్ళ దాకా వస్తుంది. ఆవిడ చెప్పింది ఒక్కటి కూడా నమ్మకండి."

అని ఆగింది. మేమంతా ఆగాం. పడవతను కూడా ఎందుకో గెడ పైకెత్తి పట్టుకున్నాడు. అత్తయ్య ముక్కుతో ఒక శ్వాస తీసింది, ఇంకొకటి తీసింది. ఎదలోంచి ఏ కూతా రాలేదు.

"చేపలు?" అన్నాడు పడవతను.

"బోలెడు. మన వైపుకి కూడా ఎండబెట్టి పంపగలిగినన్ని" అంది అత్తయ్య.

చాలాసేపు అలా వెళ్ళాం. ఎండ వచ్చింది. పొగమంచు చెదిరాక గట్లు, ఆ గట్ల మీద సైకిళ్ళు కనిపించాయి. మధ్యలో ఒకసారి అత్తయ్యకి చిన్న దగ్గు వచ్చింది. కుట్టు టీచరుగారు లేవబోతే, అత్తయ్య ఆవిడ మోచేతి మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. "మీరు కదలకండి టీచర్. నేను లోపలికి వెళ్ళినా మీరు బయటే ఉండాలి. అలాగైతేనే వస్తాను."

"మీరు లోపల ఏం చేస్తారు?"

"కిటికీలోంచి చూస్తాను. మిమ్మల్ని కూడా చూస్తాను."

"ఒట్టేనా?"

"మీరు ముందు ఒట్టెయ్యండి, లోపలికి రానని."

కుట్టు టీచరుగారు వెంటనే ఒట్టు వెయ్యలేదు. నీళ్ళలో చెయ్యి ముంచి తీసి, "రాను. మరీ ఎక్కువ దగ్గితే వస్తాను" అన్నారు. అత్తయ్య దానికి ఒప్పుకుంది.

పడవ దిగగానే ఏజెంటుకి ఫోన్ చేశాను. గదులు ఖాయం చెయ్యమన్నాను. వీసాకి కొత్త ఫొటోలు కావాలన్నాడు. ఇంటికెళ్ళి చీర మార్చుకుని దిగుతానంది అత్తయ్య. కుట్టు టీచరుగారు వద్దన్నారు. ఇంటికెళ్తే మళ్ళీ ఆలోచిస్తారన్నారు. దారిలో ఇడ్లీ తిని, తిన్నగా ఏలూరులో స్టూడియోకి వెళ్ళాం.

ఫొటో తీసే అతను కుర్రాడు, చాలా ఓపిక ఉన్నవాడు. మఫ్లరు తీయించాడు. జుట్టులో ఉన్ని పోగులుంటే దువ్వెన ఇచ్చాడు. "వీసా ఫొటోకి చెవులు కనపడాలండీ. పళ్ళు కనపడకూడదు. నవ్వకండమ్మా."

అత్తయ్య గంభీరంగా కూర్చుంది. అతను కెమెరా ఎత్తాడు. ఆవిడ చూపు పక్కకి పోయింది, అక్కడ కుట్టు టీచరుగారు నిలబడి ఉన్నారు, అంతే, నవ్వొచ్చేసింది.

"అమెరికా పక్కన, కొంచెం కిందకి" అంది అత్తయ్య కళ్ళు తుడుచుకుంటూ.

"నేనేం చేశాను? నేను ఊరికే నిలబడ్డాను" అన్నారు ఆవిడ.

"టీచర్, మీరు కాసేపు బయట నిలబడండి. ఎదురుగా ఉంటే నా వల్ల కాదు."

కుట్టు టీచరుగారు బయటికెళ్ళి గాజు తలుపు అవతల నిలబడ్డారు, రోడ్డువైపు తిరిగి, చాలా మర్యాదగా. అత్తయ్య మళ్ళీ సర్దుకుని కూర్చుంది. పెదవులు బిగించింది. అప్పుడే ఆవిడ బయట నుంచి, ఎంతవరకూ వచ్చిందోనని, మెల్లగా తల తిప్పి లోపలికి చూశారు.

ఫొటో అతను కెమెరా దించి స్టూలు మీద కూర్చున్నాడు. "ఆవిణ్ణి లోపలికే పిలవండి సార్" అన్నాడు నాతో. "ఇద్దరూ నవ్వడం అయిపోయాకే తీస్తాను. తొందరేం లేదు."